నలభై ఒకటో గింజ

తాళం ఎప్పటిలాగే మొదటిసారి తిరగలేదు. తోట కాపలాదారు లైసన్ నఖుమ్వ తాళంచెవిని నాలికతో తడిపి మళ్లీ పెట్టాడు. తేయాకు కూలీల లైన్ల, అంటే ఇళ్ల వరసల మధ్య, కొళాయి పక్క గోడకు బిగించిన నీలం రేకు పెట్టె అది. ఈ తోట ఆకు కొనే దూరదేశపు కంపెనీ నాలుగేళ్ల కిందట పంపింది. 'మీ కష్టం రాసి ఇందులో వేయండి. మీ పేరు ఎవరికీ తెలియదు' అని దానిమీద ఇంగ్లిషులో ఉంది. ఆ లైన్లలో ఇంగ్లిషు చదవగలిగినవాడు లైసన్ ఒక్కడే. పెట్టె తాళంచెవి ఉన్నదీ అతని దగ్గరే.

ములాంజె కొండ కనబడటం లేదు. చిపెరోని పట్టి నాలుగు రోజులైంది. కురిసీ కురవని ఆ సన్నపు తుంపర ఎముకల్లోకి దిగిపోతోంది. లైసన్ పాత పోలీసు కోటు కాలరు పైకెత్తుకుని, పెట్టె కింద చేతిరుమాలు పట్టాడు. మొక్కజొన్న గింజలు జలజలా రాలాయి. లెక్కపెట్టాడు. నలభై తెల్లవి, ఒకటి ఎర్రది.

కాగితం మీద రాస్తే దస్తూరీ పట్టుబడుతుంది. నోటితో చెబితే గొంతు పట్టుబడుతుంది. గింజకు దస్తూరీ లేదు. ఆఫీసు గదిలో ఇనప బీరువా ఉంది, అందులో కూలీల గుర్తింపు కార్డులున్నాయి. 'పోగొట్టుకుంటారని భద్రంగా దాచాం' అంటాడు మేస్త్రీ చిపాంగా. కార్డు లేనిదే సరిహద్దు దాటలేరు, ఆస్పత్రిలో చేరలేరు, ఇంకో తోటలో పని దొరకదు. ఒక కార్డుకు ఒక గింజ. ఈ సంగతి లైసన్‌కు ఎవరూ విప్పి చెప్పలేదు. అర్థం కానట్టు నటించడానికి అదే అతనికి వీలిచ్చింది.

పుస్తకంలో తేదీ వేసి, 'ఫిర్యాదులు: లేవు' అని రాశాడు. నాలుగేళ్లుగా నెలనెలా అదే రాస్తున్నాడు. గింజల్ని గదిలోకి తీసుకెళ్లి మంచం కింద నూనె డబ్బాలో పోశాడు. ఈ దేశంలో మొక్కజొన్న గింజను పారేసేవాడు లేడు. వీటిని వండుకు తినడానికి మాత్రం అతనికి చేతులు రాలేదు. ఎలుకలు కూడా ఆ డబ్బా జోలికి పోలేదు, ఎందుకో మరి.

నడుం నిటారుగా ఎత్తబోతే ఎడమ రొమ్ములో కలుక్కుమంది. వారం నుంచీ అంతే. మంచం పట్టె పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఏమోయ్ పెద్దాయనా! ఇంకా పడకేనా?" చిపాంగా మోటారుసైకిలు దిగుతూ అరిచాడు. "కంపెనీ మేడమ్ పదకొండింటికొస్తది. గుర్తుందిగా? ఏడింటికి కార్డులు పంచు. సాయంత్రం ఐదింటికి మళ్లీ గుంజుకో. ఒక్కటి తగ్గినా నీ ఇల్లు ఖాళీ."

"గుర్తుంది బ్వానా."

ప్రతి ఏడూ ఇదే తంతు. తనిఖీ రోజున పొద్దున్న ఎవరి కార్డు వాళ్ల చేతికొస్తుంది. సాయంత్రం పాలపొడి డబ్బాలో పడి మళ్లీ బీరువాలోకి పోతుంది.

కూలీలు వరసలో వచ్చి మోకాళ్లు వంచి, రెండు చేతులా కార్డు అందుకున్నారు. నిరుడు వచ్చిన ఫైనేసి తన బొమ్మ చూసుకుని నవ్వింది.

"చూశావా తాతా, అప్పుడెన్ని బుగ్గలో! ఇప్పుడు మా అమ్మే నన్ను గుర్తుపట్టదు." నవ్వు ఆగింది. "అమ్మకి నోట్లోకి నీళ్లు కూడా దిగట్లేదంట. సరిహద్దు అవతల నించి కబురొచ్చింది. ఇది సాయంత్రం ఇయ్యకపోతే ఏమైతది తాతా?"

"ముందు పనికి పో."

"సోమారం అడగమంటావా?"

లైసన్ చేతిలో కార్డుల డబ్బా జారింది. ఆ పిల్లకు తెలిసి అన్న మాట కాదు. వెనక్కి చూడకుండా బుట్ట తగిలించుకుని వెళ్లిపోయింది.

బీరువాలో ఒక్క కార్డు మిగిలింది. ఎనెలేసిది. ఎడమ కనుబొమ మీద కోత, పైకి కట్టిన జుట్టు. మూడేళ్ల కిందట, వానల్లో, ఒక ఆదివారం జ్వరంతో కాలిపోతున్న బిడ్డను వీపున కట్టుకుని ఆమె ఈ గుమ్మంలో నిలబడింది. పుట్టింటికి పోవాలంది. బీరువా తాళంచెవి అప్పుడూ లైసన్ మొలతాడుకే ఉంది. 'నా దగ్గర లేదు, సోమారం రా' అన్నాడు. చిపాంగాకు భయపడి అన్నాడు, అంతకు మించిన కారణమేమీ లేదు. ఆమె ఎదురుచూడలేదు. కార్డు లేదు గనక సరిహద్దు గేటు వదిలేసి, పొంగుతున్న రువో నదిలో దిగింది. బుధవారం వీపున కట్టే గుడ్డ ఒక్కటి రెల్లులో చిక్కుకుని దొరికింది.

అప్పటినుంచీ ప్రతి నెలా పెట్టెలో ఆ ఎర్ర గింజ. లైన్లలో ఆమెకు చుట్టాలు లేరు. ఆ గింజ ఎవరు వేస్తున్నారో లైసన్ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. ఆ కార్డును కోటు జేబులో వేసుకున్నాడు.

కంపెనీ మేడమ్ మిసెస్ న్యిరోంగో లిలాంగ్వే నుంచి వచ్చింది. బురదలో నడవడానికి రబ్బరు బూట్లు తెచ్చుకున్న మనిషి. కార్డులు చూసింది, అందరి దగ్గరా ఉన్నాయి. చిపాంగా ముసిముసిగా నవ్వాడు. అప్పుడామె నీలం పెట్టె దగ్గర ఆగింది.

"నాలుగేళ్లలో ఒక్క ఫిర్యాదూ లేదా?"

"మా తోట ఒకటే కుటుంబం మేడమ్," అన్నాడు చిపాంగా.

"తెరవండి."

లైసన్ తెరిచాడు. పొద్దున్నే తన చేత్తో ఖాళీ చేసిన పెట్టె మళ్లీ నిండి ఉంది. గింజలు రాలి ఆమె బూట్ల మీద పడ్డాయి. ఎర్రది దొర్లుకుంటూ వచ్చి లైసన్ కాలి దగ్గర ఆగింది. తేయాకు చాళ్లలో నలభై మంది చేతులూ ఆగిపోయాయి.

"ఇవేంటి?" ఆమె చిపాంగాను అడగలేదు, లైసన్ ముఖంలోకే చూసి అడిగింది.

లైసన్ జేబులోని కార్డు రొమ్ముకు ఒత్తుకుంటోంది. ఒక్క మాట చాలు. ముప్పై ఏళ్లుగా 'అలాగే బ్వానా' తప్ప పలకని నోట్లోంచి ఆ ఒక్క మాటా రాలేదు.

"ఎలుకలు మేడమ్," అన్నాడు.

ఆమె ఏదో రాసుకుంది. కారు కొండమలుపు తిరిగిపోయింది. చాళ్లలో చేతులు మళ్లీ ఆకు తుంచసాగాయి. ఎవరూ అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని లైసన్‌కు అనిపించింది. ఎర్ర గింజను ఏరి జేబులో, కార్డు పక్కన వేసుకున్నాడు.

మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి వండుకుని, ముట్టుకోకుండానే మూత పెట్టాడు.

ఐదింటికి లైన్ల ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఒళ్లో పాలపొడి డబ్బా, కాళ్ల దగ్గర నూనె డబ్బా. ఎదురుగా ఆఫీసు వసారాలో, తుంపరకు తడవకుండా, చిపాంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మసక వెలుతురులో అంత దూరానికి మనిషి ఆనవాలే తప్ప చేతిలో ఏముందో కనబడదు. చప్పుడు మాత్రం వినబడుతుంది.

అందరికంటే ముందు ఫైనేసి వచ్చింది. మోకాలు వంచి కార్డు చాచింది. ఏడ్చిన కళ్లు.

"నా కళ్లు సరిగ్గా ఆనవమ్మా," అన్నాడు లైసన్ లోగొంతుకతో. "ఏం వేశావో నాకేం తెలుసు? చప్పుడైతే చాలు." కాలితో నూనె డబ్బాను ముందుకు జరిపాడు.

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అందులోంచి గింజ తీసి పాలపొడి డబ్బాలో వేసింది. టంగుమంది. కార్డు రవికెలోకి పోయింది.

"ఒకటి!" అన్నాడు వసారాలోంచి చిపాంగా.

లైసన్ జేబులోంచి ఎనెలేసి కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సరిహద్దు అవతల మిలాంజె సంతలో వాళ్లమ్మ కుండలు అమ్ముతది. ఇచ్చెయ్. తాళంచెవి ఆవేళ నా దగ్గరే ఉందని చెప్పు. అట్లాగే చెప్పు." తలెత్తి అడిగాడు. "ఆ ఎర్ర గింజ ఎవరు వేస్తారే?"

"ఈ నెల నా వంతు తాతా. పోయిన నెల నాసన్ మామ. నేనామెని చూడను కూడా చూళ్లేదు. వంతు వచ్చింది, వేశా."

వరస కదిలింది. వంగడం, టంగుమనడం, వెళ్లిపోవడం. తిట్టనివాళ్లు ఇప్పుడు మెచ్చుకోనూ లేదు. నాసన్ మాత్రం పోతూపోతూ అతని కోటు కాలరు సరిచేశాడు. నలభైమందీ అయ్యాక లైసన్ ఎర్ర గింజ తీసి డబ్బాలో వేశాడు.

"నలభై ఒకటి విన్నానే!" చిపాంగా కుర్చీలోంచి లేచాడు. "పంచింది నలభై కదరా?"

"నలభై ఒకటే బ్వానా. ఎనెలేసి కూడా వచ్చింది."

వసారా మెట్టు మీద పెట్టిన కాలు చిపాంగా వెనక్కి తీసుకున్నాడు. డబ్బా కోసం రాలేదు. లోపలికి పోయి తలుపు గడియ వేసుకున్నాడు.

లైసన్ నవ్వుకున్నాడు. రొమ్ములో మళ్లీ కలుక్కుమంది. ఈసారి పట్టుకోవడానికి మంచం పట్టె లేదు, డబ్బానే పట్టుకున్నాడు. తెల్లవారి నీళ్లకొచ్చిన ఆడవాళ్లు పలకరిస్తే పలకలేదు.

చావు జరిగిన తోటలో మట్టి కప్పేదాకా పని ఉండదు, ఎవరూ ఎవరినీ ఏదీ అడగకూడదు. అడిగినవాడి ఇంట్లో తర్వాతి చావు జరుగుతుందంటారు. చిపాంగా ఆ డబ్బావైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. కూలీలు పళ్లేల్లో పిండి తెచ్చారు, గొయ్యి తవ్వారు, పాడారు, పాతిపెట్టారు. తర్వాత మూటలు నెత్తిన పెట్టుకుని, ఒక్కొక్కరే తారురోడ్డు పట్టారు. ఫైనేసి అంతకు ముందే వెళ్లిపోయింది. గేటు దగ్గర కార్డు చూపించి దాటిందని లారీ డ్రైవరు చెప్పాడు.

ఆరో రోజున మిసెస్ న్యిరోంగో మళ్లీ వచ్చింది, ఈసారి చెప్పాపెట్టకుండా. పల్లెలో పుట్టిన మనిషే. ఎలుకలు గింజలు ఎత్తుకుపోతాయి గానీ తెచ్చి పెట్టవు కదా అని దారిలో తట్టిందట. నీలం పెట్టె తెరిపించింది, ఖాళీ. బీరువా తెరిపించింది, ఖాళీ. ముసలాయన ఏడని అడిగితే చిపాంగా కొత్తగా పూడ్చిన మట్టివైపు చెయ్యి చూపించాడు.

ఆమె బల్ల దగ్గరకు వచ్చింది. ఎవరూ ముట్టుకోని డబ్బాలో నాలుగు వేళ్ల ఎత్తున వాననీళ్లు నిలిచాయి. అడుగున తెల్ల గింజలు నాని ఉబ్బాయి. వాటి మధ్య ఒక్కటి, ఇంకా ఎర్రగానే ఉంది.