రెండో సంతకం

ముప్పై రెండు, ముప్పై మూడు అని లారీలోకి ఎక్కుతున్న పెట్టెలను లెక్కపెడుతూనే, మధ్య మధ్య అతను అరచేతిలోని చీటీ చూసి ఇంగ్లిషు వాక్యాలు వల్లె వేస్తున్నాడు. వయసు నలభై మూడు. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుందని రెండేళ్లుగా నిలబడే చదువుతున్నాడు. సాయంత్రానికి చీలమండలు ఉబ్బి, చెప్పుల పట్టీలు అచ్చు పడతాయి. ఈ గోదాములో పంతొమ్మిదేళ్లుగా సూపర్‌వైజరు. ఆదివారాలు మాత్రం ఉద్యోగస్తుల ఎంబీయే తరగతిలో, తనకన్నా పదేళ్లు చిన్నవాళ్ల వెనక బెంచీలో.

"బాబాయ్, మేనేజరయ్యాక మమ్మల్ని తెలుగులోనే తిడతావా?" అన్నాడు పెట్టె మోస్తున్న కూలీ.

"ముందు ఆ పెట్టె తలకిందులుగా పట్టావు, చూసుకో."

డిగ్రీ తెచ్చుకుంటే పై అంతస్తులో మేనేజరు కుర్చీ నీదేనని యజమాని ఒకసారి అన్నాడు. ఆ మాటే పట్టుకుని వేలాడుతున్నాడు. కూతురికి మాటలొచ్చిన ఆదివారం కూడా అతను తరగతిలోనే ఉన్నాడు.

ఆఖరి ప్రాజెక్టు ఆ మధ్యాహ్నమే. పనిచేసే చోటే, యజమాని ఎదుటే చెప్పాలని కాలేజీ నియమం. లారీలు గేటు దగ్గర ఎందుకు ఆగిపోతున్నాయన్నది అతని విషయం. మూడు నెలలు గడియారం పట్టుకుని ప్రతి లారీ వెనకా తిరిగాడు. ఒక్కో లారీకి మూడు సంతకాలు. రెండోదాని కోసం పద్దెనిమిది నిమిషాలు ఆగుతున్నాయి. ఏడాది మొత్తంలో ఆ సంతకం పట్టుకున్న తప్పు ఒక్కటీ లేదు.

రెండో సంతకం అతనిదే. దాచలేదు. తను పైకి వెళ్లాక ఇక్కడ ఇంకొకర్ని పెట్టనక్కర్లేదని తెలిస్తే యజమాని మెచ్చుకుంటాడనుకున్నాడు.

మీటింగు గదిలో తెర మీద ఆ అంకె పడగానే యజమాని కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆ సంతకం తీసేస్తే నష్టం లేదంటావు?"

"లేదండి. నేను లెక్క కట్టి చూశాను."

"బాగా చూశావయ్యా. ఇంక ఆలస్యం దేనికి, ఇవాళే తీసేద్దాం."

అతను నవ్వబోయాడు. "అయితే మరి, మేనేజరు పని..."

"కింద ఇంత తగ్గాక పైన ఇంకొకడెందుకు? నువ్వే నిరూపించావుగా. సాయంత్రం ఆఫీసులో నీ లెక్క తేల్చిన కాగితాలు తీసుకో."

కాలేజీ నుంచి వచ్చిన మాస్టారు తల వంచుకుని మార్కులు వేశారు. నూటికి తొంభై రెండు. సంచీ సర్దుకుంటూ నెమ్మదిగా అన్నారు. "ఇంత నిజాయతీగా ఈ బ్యాచ్‌లో ఎవరూ రాయలేదు. పట్టా ఇచ్చే ముందు కంపెనీ లెటరు అడుగుతారు, ఉద్యోగంలో ఉన్నట్టు. అది మాత్రం తప్పనిసరండి."

మెట్ల మీద ఉండగా భార్య ఫోను.

"ఏమండీ, అయిందా? పాపకి ఒళ్లు ఇంకా వేడిగానే ఉంది. మందు కక్కేసింది. మీ సార్ ఏమన్నారు?"

"చప్పట్లు కొట్టారు."

"అబ్బ, బతికించారు. ఇకనైనా ఇంటి పట్టున ఉంటారా?"

"రేపట్నుంచి ఉంటాను."

"విన్నావే, నాన్న రేపట్నుంచి ఇంట్లోనే ఉంటారట," అని ఆమె పాపతో చెప్పడం వినిపించింది. అతను ఫోను చెవికి అలాగే ఆనించుకుని, అవతల ఆమె పెట్టేసేదాకా నిలబడ్డాడు.

సాయంత్రం కాగితాలు తీసుకుని గేటు దాటుతుంటే రెండు లారీలు ఆగకుండా అతన్ని దాటి పోయాయి. డ్రైవరొకడు అలవాటుగా కిటికీలోంచి చెయ్యి చాపి, చేతిలోని రసీదును మళ్లీ లోపలికి లాక్కున్నాడు.

గేటు పక్క అతను సంతకాలు పెట్టే బల్ల ముందు కుర్చీలో చిన్న దిండు ఉండిపోయింది. పాపకి పొట్టిదైపోయిన గౌను విప్పి భార్య కుట్టింది. మధ్యలో పల్లం పడింది. గౌనుకున్న జేబు పక్కన అలాగే ఉంది, దాని గుండీ పెట్టే ఉంది.