ఐదు మార్కుల ఉదాహరణ

కాలేజీలో ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు అక్క మేడం. ప్రేమ కారిపోయి పెట్టింది కాదు. సైకాలజీలో రక్షక తంత్రాల పాఠం మొదలైందంటే చాలు, ప్రతి ఉదాహరణకీ ఆవిడ వాళ్ళక్క తయారు. తనకు నచ్చని నిజాన్ని మనసు తనకే తెలియకుండా ఎలా దాచేసుకుంటుందో చెప్పే పాఠం అది. ఇరవై రెండేళ్ళుగా ఏటా అదే పాఠం.

"మా అక్కకి కోపమొస్తే 'నాకేం కోపం లేదే' అంటుంది. అని, గిన్నెలు తోమడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగేవాళ్ళు. దీన్నేమంటాం? నిరాకరణ." క్లాసు గొల్లుమనేది. "అమ్మ తిడితే తిరిగి అనలేక, వచ్చి నా జడ లాగేది. అత్త మీద కోపం దుత్త మీద. ఇది విస్థాపనం." మళ్ళీ నవ్వులు.

ఆరేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయింది. ఆ ఏడాది నుంచి ప్రక్షేపణం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ గొంతు మారేది. మన మనసులో ఉన్నదాన్ని ఎదుటివాళ్ళకు అంటగట్టడాన్ని ప్రక్షేపణం అంటారు. "అమ్మ పోయాక మా అక్క నన్ను దూరం పెట్టింది. పైకి మాత్రం వారం వారం ఫోన్లు, నేనెత్తకపోతే మెసేజ్‌లు, తిన్నావా, ఒంట్లో ఎలా ఉందీ అని. పైగా నేనే తనని దూరం పెట్టానంటుంది. తన మనసులో ఉన్నది తెచ్చి నా నెత్తిన రుద్దడం. అర్థమైందా?" పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవాళ్ళు. అక్కడ మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

ఇంటికి వెళితే ఒక గది, ఒక మంచం, ఒక కంచం. ఆ ఇంట్లో నోరు విప్పేది కుక్కరొక్కటే. అందుకేనేమో ఆవిడ సెలవు రోజుల్లో కూడా కాలేజీకి వచ్చి స్టాఫ్ రూములో కూర్చునేది. ఆ శనివారం మధ్యాహ్నం కూడా అలాగే, పరీక్ష పేపర్ల కట్ట ముందేసుకుని కూర్చుంది. ఫోను బోర్లా పెట్టి ఉంది.

ఫోనులో పదిరోజుల నాటి మెసేజ్ ఒకటి ఉంది. 'వచ్చే బుధవారం నాకు కంటి ఆపరేషన్. ఆసుపత్రి మీ ఊళ్ళోనే. రెండు రోజులు నీ దగ్గర ఉండనా? కుదరకపోతే ఫర్వాలేదు.' అక్క పంపింది. జవాబివ్వకపోవడానికి చెల్లెలి దగ్గర కారణాలు కావలసినన్ని ఉన్నాయి. ఒకటే మంచం. బాత్రూములో నాచు, కళ్ళు కనపడని మనిషి జారిపడితే ఎవరిది పూచీ? పైగా పేపర్లు. చేయని పనికి చక్కటి కారణాలు అల్లుకోవడాన్ని హేతుకరణం అంటారని బోర్డు మీద రాసే చెయ్యే అది. ఈలోగా బుధవారం వచ్చింది, వెళ్ళిపోయింది.

నాలుగో ప్రశ్న: ప్రక్షేపణాన్ని ఒక ఉదాహరణతో వివరించండి. ఐదు మార్కులు. అప్పటికి నలభై పేపర్లు దిద్దింది. నలభైమందీ మేడం చెప్పిన అక్కనే పొల్లు పోకుండా దింపేశారు. నలభైమందికీ ఐదుకు ఐదు వేసింది. నలభై ఒకటో పేపరు మీద పేరు లేదు, నంబరే ఉంది. గుండ్రటి అక్షరాలు.

'ఉదా: ఒక లెక్చరర్ తన అక్క తనను దూరం పెట్టిందని క్లాసులో చెబుతారు. కానీ ఆమె చెప్పిన ఉదాహరణలోనే ఫోన్ చేసేది అక్క. ఎత్తనిది లెక్చరర్. దూరం పెట్టాలన్న కోరిక తనదే అయినా, అది అక్కదని ఆమె నమ్ముతున్నారు. ఇది ప్రక్షేపణం.'

ఆవిడ చెవులు వేడెక్కాయి. ఎంత పొగరు అనుకుంది. ఎర్ర పెన్నుతో ఆ ఐదు వాక్యాలనూ అడ్డంగా కొట్టేసింది. పక్కన సున్నా వేయబోయి, చెయ్యి ఆగింది. ఎందుకు సున్నా? నిర్వచనం సరిగ్గా ఉంది. ఉదాహరణ సరిగ్గా ఉంది. మిగతా నలభైమందిదీ తప్పు, వాళ్ళకు తప్పు నేర్పింది తను.

అమ్మ మంచాన పడ్డ ఎనిమిది నెలలూ అక్కే చేసింది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, రాత్రుళ్ళు మేలుకోవడం. ఈవిడ రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. అక్క ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడి, ఏడ్చి, మర్చిపోయేది. అనకపోయేసరికి అక్క గొంతు వింటేనే సిగ్గేసేది. ఆ సిగ్గు భరించలేక ఫోనెత్తడం మానేసింది. తర్వాత, అక్కకే తనంటే గిట్టదని చెప్పుకుంది. ముందు తనకు, ఆ తర్వాత ఆరు బ్యాచ్‌లకు.

కొట్టేసిన గీత పక్కన 'పొరపాటున కొట్టేయబడింది' అని రాసి, సంతకం చేసింది. ఐదు వేసింది. ఫోను తిప్పింది.

నాలుగో రింగుకి అక్క ఎత్తింది. "చెప్పవే."

"ఆపరేషన్ అయిందా?"

"అయింది. పక్కింటావిడ తోడొచ్చింది. లాడ్జిలో దిగాం. బస్సు మీ కాలేజీ ముందు నుంచే వెళ్ళింది." మళ్ళీ తనే అంది, "నీకు పేపర్లుంటాయిలే అనుకున్నా."

చెల్లెలు వెతుక్కున్న కారణాన్ని అక్క తనే తెచ్చి చేతికి అందిస్తోంది. తీసుకుంటే సరిపోయేది. ఆరేళ్ళుగా అలాగే తీసుకుంది.

"పేపర్లు కాదక్కా. నాకు రావాలనిపించలేదు. నిన్ను రానివ్వాలనీ అనిపించలేదు. కోపంగా ఉందా?"

"నాకెందుకే కోపం."

చెల్లెలు చెవి ఫోనుకి గట్టిగా ఆనించింది. అవతల ఏ చప్పుడూ లేదు. గిన్నె కదల్లేదు, పంపు తిప్పలేదు. నిజంగానే కోపం పోయిందేమోనని ఆవిడకు మొదటిసారి భయమేసింది. కోపం కూడా లేకపోతే ఇంకేం మిగిలింది?

"కంట్లో చుక్కలు ఎవరు వేస్తున్నారు?"

"నేనే. సగం చెంప మీద పడుతున్నాయి."

"రేపు పొద్దున బస్సుకి వస్తాను. పేపర్లు అక్కడే దిద్దుకుంటాను. సాయంత్రం బస్సుకి వెళ్ళను."

కట్టయిందేమోనని ఆవిడ ఫోను చూసుకుంది. కట్టవలేదు.

"వస్తే రా. నాకేం కోపం లేదు," అంది అక్క. ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత పంపు తిప్పిన చప్పుడు. ఆ తర్వాత ఒక గిన్నె ధణేల్‌మంది. దాని మీద ఇంకోటి. మూత ఒకటి నేల మీద గిర్రున తిరిగి తిరిగి పడింది. ఒంటికన్నుతో ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోముతున్నట్టుంది అక్క.

ఖాళీ స్టాఫ్ రూములో చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ, ఫోను పెట్టేయకుండా, ఆఖరి గిన్నె దాకా వింటూ కూర్చుంది.