నోరీన్ దులిపిన మాటలు

శనివారం బధిరుల క్లబ్బులో పోగైన మాటల్ని సోమవారం పొద్దున నోరీన్ దులిపేది. కప్పులు కడగడం క్లెమ్ పని. నేల తుడవడం ఎవరు దొరికితే వాళ్ళ పని. గాలి మాత్రం నోరీన్‌ది. ఎప్పుడో మొదలైన ఏర్పాటు, ఎవరూ మార్చలేదు.

మా ఊరు లాన్సెస్టన్‌లో జూన్ నెల చలికాలం వచ్చిందంటే నది మీద లేచిన మంచు మధ్యాహ్నం దాకా కదలదు. క్లబ్బు పాత ఇటుకల హాలు, పైకప్పు బాగా ఎత్తు. ఆ చలికి, చేత్తో చెప్పిన మాట చెప్పినచోటే నిలిచిపోయేది. చూపున్నవాళ్ళకి ఏమీ కనపడదు. దాన్ని దాటుకుని పోతుంటే మెడ దగ్గర జిల్లుమంటుంది, అంతే. నోరీన్ వేళ్ళకి మాత్రం ఆ మాటలు తీగ మీద బిగుసుకుపోయిన తడిబట్టల్లా తగిలేవి. ఆమె పుట్టు చెవిటిది. నలభై దాటేసరికి చూపు కూడా పూర్తిగా పోయింది. తలుపు దగ్గర మొదలుపెట్టి, రొమ్ము ఎత్తులో చేతులాడించుకుంటూ, ఒక్కొక్క మాటనీ తడిమి చదివి, అరచేత్తో తుడిచేసేది.

ఎవరి కూతురికి నెల తప్పింది, ఎవడు పడవ అమ్మేశాడు, ఫుట్‌బాల్లో ఎవడి జట్టు పరువు పోయింది, సంక్షేమ శాఖవాళ్ళు కొత్తగా ఏ సాయం తీసేశారు - అన్నీ అక్కడే. మొగుడి మీద పెళ్ళాం చెప్పుకున్నవీ ఉండేవి. నోరీన్ చదివింది చదివినట్టు తుడిచేసేది తప్ప ఏనాడూ ఒకరి మాట ఇంకొకరికి చేరవెయ్యలేదు. అందుకే ఎవరికీ భయం లేదు.

వేసవిలో ఏ మాటా నిలవదు. అప్పుడు ఆమెకి ట్యామ్సిన్ చేతులే దిక్కు. ట్యామ్సిన్ శాఖ జీతమిచ్చి పంపే గైడు. వినికిడి ఉన్న మనిషే గానీ సైగభాష మాలో ఒకతెలా చేస్తుంది. ఆమె చేతుల మీద నోరీన్ తన చేతులుంచి వింటుంది. బ్యాంకుకి, డాక్టరు దగ్గరికి, కూరగాయలకి, అన్నిటికీ ఆమే తీసుకెళ్ళేది. దారి పొడుగునా కబుర్లు చెప్పేది. "ఎదురుగా వచ్చేవాడి టోపీ చూడాలి, చచ్చిన కోడిలా ఉంది" అని అరచేతుల్లో చెబితే, నోరీన్ నడిరోడ్డు మీద ఆగి పగలబడి నవ్వేది.

గైడు ఇంకా అవసరమా అని చూడటానికి శాఖ ఏటా ఒకసారి మనిషిని పంపుతుంది. ఆ ఏడు గారెత్ ఓక్‌షాట్ అని ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. క్లబ్బులోనే కూర్చున్నారు. మాటలు అటూ ఇటూ చేరవెయ్యడానికి ట్యామ్సిన్ మధ్యలో. క్లబ్బు కార్యదర్శి డిలిస్ టీ, బిస్కట్లు తెచ్చిపెట్టి తనూ కూర్చుంది. డిలిస్, నోరీన్ చిన్నప్పుడు ఒకే బడిలో ఉన్నారు. చేతులతో మాట్లాడితే స్కేలుతో కొట్టే బడి. డిలిస్ కుడి చూపుడువేలు ఆ దెబ్బలకే వంకరపోయింది.

"నోరీన్ గారూ, మీకు చెవుడు ఇంకా ఉందా?" అన్నాడు గారెత్. అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనట.

"నిన్నటిదాకా ఉంది," అంది నోరీన్. "మీరొస్తున్నారని తెలిసి పారిపోయిందేమో, ఒక్కసారి గట్టిగా పిలిచి చూడండి."

ట్యామ్సిన్ ఆ మాట మార్పు లేకుండా చెప్పింది. గారెత్ నవ్వలేదు, 'ఉంది' అని రాసుకున్నాడు.

"ఊళ్ళో విషయాలు మీకెలా తెలుస్తాయి?"

నోరీన్ జవాబు చెప్పేలోగా డిలిస్ అందుకుంది. స్నేహితురాలి గొప్ప చెప్పుకోవడానికి ఇంత మంచి సమయం దొరకదని ఆమె సంబరం. "మా నోరీన్‌ని తక్కువ అంచనా వెయ్యకండి. ఈ హాల్లో మేం మాట్లాడిందంతా గాలిలో ఉండిపోతుంది, ఆవిడ మొత్తం చదివేస్తుంది. మా అందరికంటే ఎక్కువ వార్తలు ఆవిడకే తెలుసు!"

గారెత్ గాలివైపు చూడను కూడా చూడలేదు. "అంటే ఖర్చు లేకుండా అందుతున్నాయన్నమాట," అని కంప్యూటర్లో కొట్టాడు. వేసవి సంగతేమిటని అతనడగలేదు. చెప్పాలని మాకెవరికీ తట్టలేదు.

ఆ నెల తిరక్కుండానే నిర్ణయం వచ్చింది. దాన్ని నోరీన్ చేతుల్లో చదివి చెప్పాల్సిన ఖర్మ ట్యామ్సిన్‌కే పట్టింది. నోరీన్‌కి సమాజంతో మాటామంతీ క్లబ్బు హాలు గాలి ద్వారా ఉచితంగా దొరుకుతున్నది గనక గైడు అవసరం లేదు. పెద్ద ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే ముందుగా అర్జీ పెట్టుకోవచ్చు.

"మళ్ళీ చెప్పు," అంది నోరీన్.

ట్యామ్సిన్ మళ్ళీ చెప్పింది. సగంలోనే నోరీన్ ఆ చేతుల్ని గట్టిగా పట్టుకుని ఆపేసింది.

క్లబ్బు తరఫున పైఅధికారులకి రాసుకున్నాం. గాలి ఉన్నమాట నిజమేనా అని తిరుగు జవాబు వచ్చింది. నిజమే. అబద్ధం చెప్పమని ఎవరూ అనలేదు. ట్యామ్సిన్ పని లేక మెల్‌బోర్న్ వెళ్ళిపోయింది.

నోరీన్ ఇల్లు క్లబ్బు వెనక వీధే. కర్రతో కంచె తడుముకుంటూ అక్కడిదాకా రాగలదు. అంతకు మించి పోలేదు. పన్ను నొప్పి వస్తే పక్కింటాయన కార్లో పళ్ళ డాక్టరు దగ్గర దింపి వచ్చాడు. డాక్టరేమన్నాడో ఆమెకి తెలియదు, ఆమె ఏం చెబుతోందో డాక్టరుకి తెలియదు. కుర్చీలో పడుకోబెట్టి సూది గుచ్చారు. ఏ పన్ను పీకారో మత్తు దిగాక నాలుకతో తడుముకుంటే గానీ తెలియలేదు. నొప్పి ఉన్న పన్ను ఉన్నచోటే ఉంది.

శనివారాలు అంతకన్నా ఘోరం. మునుపు ట్యామ్సిన్ పక్కన ఉంటే నలుగురూ వచ్చి మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు వస్తారు, భుజం తడతారు, చెయ్యి నొక్కుతారు, పోతారు. చేతుల కింద చేతులు పెట్టి నిదానంగా చెప్పాలంటే ఓపిక కావాలి. టీ చల్లారిపోతుంది. నోరీన్ అరచేతులు పైకి తెరిచి ఒడిలో పెట్టుకుని సాయంత్రమంతా కూర్చునేది. సోమవారం వచ్చి గాలి తడిమితే, ప్రతి బల్ల దగ్గరా ఒకే మాట చల్లగా వేలాడుతుండేది: "నోరీన్‌కి ఇప్పుడెందుకులే, సోమవారం ఎలాగూ చదువుకుంటుంది."

ఒక రోజు డిలిస్‌ని పట్టుకుని అడిగేసింది.

"ఏమే, నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందే నువ్వు?"

"అన్నీ చదువుతూనే ఉన్నావుగా!"

"చదువుతున్నానే. మీరంతా ఒకరితో ఒకరు చెప్పుకున్నవి చదువుతున్నాను. గాలి నన్ను 'తిన్నావా' అని అడగదు. నేను తిట్టినా పడదు. ఎవడో వేసిన జోకుకి రెండు రోజులాగి ఒంటరిగా నవ్వడం ఎలా ఉంటుందో నీకు తెలుసా?"

"నా నోరు కాలిపోను. నేనే చెప్పి చెడగొట్టాను" అంది డిలిస్. నోరీన్ కాదనలేదు. తన చేతులు తను తీసేసుకుంది.

తర్వాతి సోమవారం కుర్చీలు దొంతర పెట్టే మూలలో నోరీన్ చేతికి కొత్త మాటలు తగిలాయి. వంకర వేలితో చేసినవి. డిలిస్ హాలు సర్దుతూ, మనమంతా చేసినట్టే, తనలో తను చేతులతో మాట్లాడుకుంది.

"పక్కలు కనపడట్లేదు. మొన్న మెట్టు కనపడలేదు. నోరీన్ జబ్బేనన్నాడు డాక్టరు. రెండేళ్ళో, మూడేళ్ళో. అర్జీ పెట్టాలి, ఆ గారెత్తే వస్తాడు. గాలి ఉందిగా నీకు కూడా, అంటాడు. నేనేగా వాడికి చెప్పింది."

అంతవరకూ చదివి నోరీన్ ఆగింది. ముందు కసిగా ఒక సంతోషం లేచింది. అనుభవించనీ అనుకుంది. నేను పడ్డది తనూ పడనీ, అప్పుడు తెలుస్తుంది. ఆ సంతోషం కాసేపు నిలిచింది కూడా. మిగతాది చదవకుండా అక్కడే నిలబడింది. తర్వాత చెయ్యి చాచి చివరి మాట తడిమింది. అది తన పేరే. ఇద్దరూ బడిలో ఉన్నప్పుడు డిలిస్ పెట్టిన సైగ పేరు, బుగ్గ మీద వేలితో గుండ్రంగా తిప్పేది. ఆ పేరు తర్వాత ఏమీ లేదు. నోరీన్ అన్నీ తుడిచేసింది.

ఆ చలికాలం చివర్లో క్లబ్బుకి ప్రభుత్వ గ్రాంటు మంజూరైంది. దేనికి వాడాలా అని సభ పెట్టారు. శాఖ ప్రకటనలు సైగభాషలో చూసుకోవడానికి పెద్ద తెర కావాలని సగంమంది, వంటగది బాగుచెయ్యాలని సగంమంది. హాలుకి హీటర్లు బిగించి వేడి పెట్టించే మాట ఎవరూ ఎత్తలేదు. వేడి పెడితే నోరీన్ మాటలు కరిగిపోతాయి కదా. ఆమె కోసమే ఏళ్ళ తరబడి కోట్లు విప్పకుండా కూర్చుంటున్నాం. అది మాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ రోజు సభకని ఇంటర్‌ప్రెటర్‌ని పిలిపించారు గనక అన్నీ నోరీన్ చేతులకి అందుతున్నాయి. ఆమె లేచి నిలబడింది.

"వేడి పెట్టించండి," అంది.

"అర్థమయ్యే అంటున్నావా?" అన్నాడు క్లెమ్. "నీకు ఉన్నదొక్కటే అది."

"నాకు చలేస్తోంది."

డిలిస్ గబగబా వచ్చి ఆమె చేతులు లాక్కుంది. "పిచ్చిదానా! నా మీద కోపంతో నీ కడుపు నువ్వు కొట్టుకుంటావా? అది కూడా పోతే ఇంకేం మిగులుతుందే నీకు?"

నోరీన్‌కి చెప్పడానికి చాలా ఉంది. కానీ గాలిలో చదివింది బయట పెట్టడం ఆమె ఏనాడూ ఎరగదు. "చలేస్తోందని చెప్పానా లేదా? ముసలిదాన్నయ్యాను. ఓటు పెట్టండి," అంది.

ఓటు పెట్టారు. చెయ్యెత్తనిది డిలిస్ ఒక్కతే.

వేసవిలో పనివాళ్ళు వచ్చి గోడలకి హీటర్లు బిగించి పోయారు. ఆ పై చలికాలం మొదటి శనివారం మేమంతా కోట్లు విప్పి కుర్చీలకి తగిలించాం. హాయిగా ఉందని ఒకరికొకరు చెప్పుకున్నాం. సోమవారం నోరీన్ వచ్చింది, అలవాటుకొద్దీ. తలుపు దగ్గర నుంచి వేదిక దాకా చేతులాడించుకుంటూ నడిచింది. వెచ్చటి గాలి తప్ప ఏమీ లేదు. మళ్ళీ తలుపు దాకా నడిచి, ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సోమవారాలు రావడం మానేసింది.

డిలిస్ అర్జీ చూడటానికి గారెత్ జూలైలో, నడి చలిలో వచ్చాడు. వస్తూనే ముందుగా ఆ గాలి మాటే పట్టుకున్నాడు. "ఈ హాల్లో గాలి సదుపాయం ఉన్నట్టు మా రికార్డుల్లో ఉందే."

"ఉండేది," అంది డిలిస్. "ఇప్పుడు నిలవడం లేదు. వేడి పెట్టించాం."

అతను కోటు విప్పి మోకాళ్ళ మీద వేసుకున్నాడు. "అవును, వెచ్చగానే ఉంది," అని కంప్యూటర్లో ఆ ముక్క కొట్టేశాడు. డిలిస్‌కి గైడు మంజూరయ్యాడు. బ్యాంకుకి, డాక్టరుకి, సరుకులకి. శనివారాలు వినోదం కిందికి వస్తాయట, అవి కుదరవన్నారు.

నోరీన్ కూడా మళ్ళీ అర్జీ పెట్టుకుంది. గాలి పోయింది కాబట్టి గైడుని తిరిగి ఇవ్వమంది. సదుపాయాన్ని ఆమె తనంతట తానే ఓటేసి వదులుకున్నట్టు సభ నివేదికలో ఉన్నందున పరిశీలించలేమని జవాబు వచ్చింది.

ఆ జవాబు నోరీన్‌కి చదివి చెప్పింది డిలిసే. భూతద్దం పెట్టుకుని, ఒక్కో ముక్కా కూడబలుక్కుని, ఆమె చేతుల్లో చెప్పింది. చెప్పాక చేతులు తియ్యలేదు.

"నువ్వు చదివావు కదూ?" అంది. "కుర్చీల మూల."

"ఏం చదివాను?"

"నోరీన్."

"నాకు చలేసిందే," అంది నోరీన్.

నోరీన్ మణికట్టు మీద తడిగా ఒక చుక్క పడింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.

ఇప్పుడు శనివారాలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. డిలిస్‌కి దూరంగా చేసే సైగలు అందవు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా అంత ముక్క కనపడుతుంది, అంతే. మొన్న శనివారం పక్క బల్ల మొత్తం విరగబడి నవ్వుతోంది. చెక్కనేల అదురు నోరీన్ పాదాలకి తగిలింది.

"ఏంటట?" అంది.

"క్లెమ్ ఏదో చెబుతున్నాడు. నాకూ అందట్లేదు," అంది డిలిస్.

"సరే, లే."

నోరీన్ లేచి డిలిస్ మోచెయ్యి పట్టుకుంది. డిలిస్ ఉన్న చూపుతో దారి చూసింది. పక్క బల్ల దగ్గరికి పోయి నోరీన్ అరచేత్తో దబదబా రెండు దెబ్బలు వేసింది. కప్పులు ఎగిరిపడ్డాయి. నవ్వు ఆగింది. ఆమె రెండు చేతులూ ముందుకి చాచి పట్టుకుంది.

"అదేంటో నాకూ చెప్పండి. సోమవారం లేదిక."

చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. ఆఖరికి క్లెమ్ కప్పు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆమె చేతుల కింద తన చేతులు దూర్చి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది. తీరా విన్నాక ఆ జోకు ఏమంత గొప్పది కాదు.