ఒక్కపొద్దు నాటి ప్రసాదం

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఓరియో వాంతి చేసుకుంది. యాదలక్ష్మి దాని కింద పరిచిన పాత టవల్‌ను చుట్టి బాల్కనీలో బకెట్లో పడేసింది. కుక్కను చంకన పెట్టుకుని మెట్లు దిగి ఎల్బీ నగర్‌కు ఆటో ఎక్కింది.

ఓరియో షిట్జూ జాతి కుక్క. ఐదు కిలోలుంటుంది. ముక్కు చప్పిడి కాబట్టి ఎండలో ఆయాసపడుతుంది. దాని జుట్టు పెరుగుతూనే ఉంటుంది, రోజూ దువ్వకపోతే ఉండలు కడుతుంది. కళ్ల కింద తడి తుడవాలి, చెవులు చూడాలి, కళ్ల మీద పడే వెంట్రుకలను పైకి లాగి రబ్బరు బ్యాండు వేయాలి. దాన్ని ఇంటికి తెచ్చింది కూతురు పల్లవి. పల్లవి పొద్దున్నే చైతన్యపురికి కోచింగ్‌కు పోతే చీకటి పడ్డాకే వస్తుంది.

"ఫొటోలు ఆమెకు, తుడుచుడు నాకు" అని యాదలక్ష్మి పక్కింటి కిష్టమ్మతో అంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లది రెండో అంతస్తులో కిరాయి ఇల్లు. ఓరియో కిందికి దిగదు, బాల్కనీ మూలలో మూత్రం పోస్తుంది. మోకాళ్లు పట్టేసినా ఆ మూల తుడవాల్సింది యాదలక్ష్మే.

ఆ రోజు ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. భర్త మహేందర్ బాటసింగారం మార్కెట్ నుంచి పండ్లు తోలే మనిషి. కొత్త ట్రాలీ ఆటో వస్తే వ్రతం చేయిస్తానని అత్త అండాలమ్మ మొక్కింది. ఇంటిల్లిపాదికీ ఒక్కపొద్దు. కుక్కకు కూడా సాయంత్రమే పెట్టాలని అండాలమ్మ పొద్దున్నే చెప్పింది.

క్లినిక్‌లో డాక్టర్ పట్టాభి థర్మామీటర్ తీసి చూశాడు. ఆయనది కాకినాడ వైపు.

"ఏం తిందమ్మా?"

"ఏం తినలే సార్. ఒక్కపొద్దు."

డాక్టర్ తలెత్తాడు. "కుక్కక్కూడానా?"

"ఇంట్ల అన్నం వండలే సార్. దానికి సుత పెట్టలే."

"ఒళ్లు కొంచెం వేడిగా ఉంది. ఎండ దెబ్బ అనుకుంటున్నాను. ఈ జాతికి ఎండ పడదు. ఫ్యాను కింద ఉంచుతున్నారా?"

"దాని దిక్కే తిప్పుత సార్. నాకే రాదు గాలి."

డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చాడు. తడిగుడ్డ వేయమన్నాడు. "ఇంకేమీ నోట్లో పెట్టలేదు కదా?" అని మళ్లీ అడిగాడు.

"లేదు సార్."

ఆదివారం ఉదయం యాదలక్ష్మి తుడుపు గుడ్డతో బాల్కనీలోకి వెళ్లింది. మూల పొడిగా ఉంది. ఓరియో గడప దగ్గర పడుకుని ఉంది. గిన్నెలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

ముందటి రోజు టవల్ ఉతకడానికి బకెట్లోంచి తీసి విప్పింది. అందులో ఉబ్బిన కిస్మిస్‌లు కనిపించాయి.

"అత్తమ్మా, నిన్న ఓరియోకు ఏమన్న పెట్టినవా?"

అండాలమ్మ పీట మీది వాడిన పూలు తీస్తోంది. ఓరియో అన్న పేరు ఆమెకు నోరు తిరగదు. "ఓరిగానికా? ఏం పెట్టలే. ఒక్కపొద్దు నాడు ఎట్ల పెడత?"

"ప్రసాదం?"

"ప్రసాదం పెట్టిన. అందరికి పెట్టి దాన్ని ఇడిచిపెడ్తరా? ప్రసాదం కాదన్నోళ్లకు ఏమయిందో కథల ఇనలేదా నువ్వు?"

"మరి ఏం పెట్టలే అంటివి."

"ప్రసాదం తిండెట్లయితదే? గదానికి ఒక్కపొద్దు చెడ్తదా?"

నిన్న ప్రసాదం యాదలక్ష్మి కూడా తిన్నది. తిన్నాక కూడా కిష్టమ్మతో ఒక్కపొద్దనే చెప్పింది.

"ఎంత పెట్టినవ్?"

"దొప్పెడు. కిస్మిస్ ఏరుకుంటుందని ఇంకిన్ని ఏసిన."

ఈసారి ఆటోలో అండాలమ్మ కూడా ఎక్కింది. దారిలో యాదలక్ష్మి పల్లవికి ఫోన్ చేసింది.

"ద్రాక్ష పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిన అమ్మా. నాన్న మార్కెట్ నుంచి తెస్తే అటక మీద పెడ్తవు కదా."

"పండు పెట్టొద్దన్నవ్. ఎండిందాని ముచ్చట చెప్పలే."

"క్లినిక్‌కే వస్తున్న" అని పల్లవి ఫోన్ పెట్టేసింది.

డాక్టర్ విన్నాడు. "ద్రాక్షయినా కిస్మిసయినా కుక్క కిడ్నీలకి విషమేనమ్మా. నిన్నే చెప్పుంటే కక్కించేవాణ్ణి."

"దేవుని ప్రసాదం సార్ అది" అంది అండాలమ్మ.

"కాదనట్లేదమ్మా." ఆయన గొంతు పెంచలేదు. "మూత్రం పోసిందా?"

"నిన్న మధ్యాహ్నం సంది లేదు" అంది యాదలక్ష్మి.

రక్తం తీశారు. కిడ్నీలు దెబ్బతిన్నట్టు తేలింది. ముందరి కాలికి సూది పెట్టి సెలైన్ ఎక్కించారు. మూత్రం వస్తే ఆశ ఉంటుందని, రాకపోతే తానేమీ చెప్పలేనని డాక్టర్ అన్నాడు. సాయంత్రం దాకా రాలేదు.

సోమవారం పొద్దున మళ్లీ రక్తం తీసి, మళ్లీ సెలైన్ పెట్టారు. కిడ్నీ అంకెలు తగ్గలేదు. పల్లవి కోచింగ్ మానేసి సెలైన్ సీసా చూస్తూ నిలబడింది. సూది ఊడకుండా యాదలక్ష్మి కుక్కను ఒళ్లో పెట్టుకుని కాలు పట్టుకుంది. రెండో చేత్తో దాని కళ్ల మీది వెంట్రుకలు తీసి రబ్బరు బ్యాండు వేసింది. అండాలమ్మ బెంచీ చివర కూర్చుంది.

"నువ్వు జర పండరాదే, నేను పట్టుకుంట" అంది.

"నీ చేతులు వణుకుతయ్ అత్తమ్మా."

మధ్యాహ్నం యాదలక్ష్మి చీర తడిసింది. ఆమె కదల్లేదు. అండాలమ్మ బట్ట కోసం లేచింది.

"ఉండనియ్" అంది యాదలక్ష్మి. "సార్‌ను పిలువు."

డాక్టర్ వచ్చి చీర మీది తడిని చేత్తో తాకి చూశాడు. అది మూత్రమే.