మోకాళ్ళ మీద జెరుబ్బాబెల్ తాత

ఇలా దగ్గరికి జరగండి. ఆ బల్ల పొయ్యి పక్కకి లాక్కోండి. బయట మంచు పడుతోంది, ఎక్కడికీ పోలేరు గనక నా మాట వినక తప్పదు. మా వెనమ్‌స్కట్ ఊళ్ళో అందరికంటే ముందు కాలుపెట్టిందెవరో రుజువు చేస్తానని బయల్దేరి ఊరంతా పెద్దమ్మ అని పిలిచే సైలెన్స్ ఫోబ్స్ ఏం నెత్తిమీదకి తెచ్చుకుందో చెప్తాను.

సైలెన్స్ అంటే నోరు మెదపకుండా ఉండటం. పేరు పెడితే గుణం అదే వస్తుందని మావాళ్ళ నమ్మకం. డెబ్బై ఒకటో ఏడు వచ్చేసరికి ఆవిడ గొంతు వినపడని గడప ఊళ్ళో లేదు. అన్నేళ్ళూ ఆవిడ చెప్పింది ఒక్క కథే, వాళ్ళ తాత జెరుబ్బాబెల్ ఫోబ్స్ కథ. "సముద్రం దాటి మొదటి ఓడ వచ్చింది. అందరూ మూటలూ పెట్టెలూ దింపుకుంటున్నారు. మా తాత ఒక్కడే ఒడ్డుకి పోయి తడి ఇసుకలో మోకాళ్ళూనాడు. కళ్ళారా చూసినవాళ్ళు చెప్పారు!" ఆ చూసినవాళ్ళంతా పోయి నలభై ఏళ్ళయింది. కాదనేవాళ్ళెవరు?

ఆ ఏడు ఊళ్ళో కొత్త మందిరం కట్టారు. మావాళ్ళు పండగ చేసుకోవడం కూడా పాపమనుకునే క్రైస్తవులు, వాళ్ళకి క్రిస్మస్ లేదు, ఈస్టరు లేదు, పాటలూ ఆటలూ అసలే లేవు. ఉన్న ఒక్క పండగా మందిరంలో ఎవరెక్కడ కూర్చోవాలన్న తగువే. ముగ్గురు పెద్దల్ని కమిటీగా వేశారు. మగవాళ్ళ వైపు రెండు రోజుల్లో తేలిపోయింది. ఆడవాళ్ళ వైపు ముందు బెంచీ దగ్గర బండి దిగబడింది. అది పొట్టి బెంచీ, సరిగ్గా ప్రసంగ వేదిక కింద ఉంటుంది. అందులో మొదటి చోటు ఊరికి మొదటి కుటుంబానిది.

సైలెన్స్‌ది అప్పటిదాకా పక్క తలుపు దగ్గరి నాలుగో బెంచీ. చలికాలంలో ఆ ఈదురుగాలికి ప్రార్థన పెదాల మీదే గడ్డకట్టేది. మూడో బెంచీలో పేషెన్స్ టార్బెల్ కూర్చునేది. పేషెన్స్ అంటే ఓర్పు. ఆ పేరు పెట్టినవాళ్ళూ కాస్త తొందరపడ్డారు. వాళ్ళ తాత అమోస్ టార్బెల్. మొదట దిగింది ఆయనేనని వాళ్ళ వాదన.

ఆదివారం రెండు ప్రసంగాల మధ్య అందరూ చల్లారిన రొట్టె, జున్ను తింటున్నప్పుడు ఇద్దరికీ అంటుకుంది.

"మొదటి ఓడ అంటావు, ఆ ఓడ పేరేమిటో చెప్పు వదినా, విందాం," అంది పేషెన్స్.

"పేరెందుకమ్మా? మీ తాత ఓడ దిగేసరికి మా తాత మోకాళ్ళకంటిన ఇసుక ఆరిపోయింది."

"ఆ ఇసుకేమైనా సాక్ష్యం చెప్తుందా?"

"ఇసుక చెప్పకపోతే పుస్తకం చెప్తుంది," అంది సైలెన్స్. "మొదటి పాస్టరుగారు చేత్తో రాసిన సంఘం పుస్తకం సంఘపెద్ద నాహుముగారి పెట్టెలో ఉంది. అందులో ఎవరి పేరు ముందొస్తే ఆ చోటు వాళ్ళదే. గురువారం ప్రసంగం అయ్యాక అందరి ముందూ చదివించండి. సరేనా?"

"సరే!" అంది పేషెన్స్. కమిటీవాళ్ళు కూడా ఊపిరి పీల్చుకుని సరేనన్నారు.

ఆ పుస్తకాన్ని అరవై ఏళ్ళుగా ఎవరూ తెరవలేదు. సైలెన్స్‌కి బైబిలు కంఠతా వచ్చు, అచ్చక్షరాలు గడగడా చదువుతుంది. చేతిరాత మాత్రం రాదు. మావైపు ఆడపిల్లలకి దేవుడి మాట చదువుకునేంత నేర్పేవాళ్ళు. మనుషులు రాసుకున్నది వాళ్ళకెందుకని వదిలేసేవాళ్ళు.

మంగళవారం మధ్యాహ్నం సైలెన్స్, కోడలు తామ్సిన్ ఎండు చిక్కుడుకాయలు ఒలుస్తుంటే సంఘపెద్ద నాహుము లెవిట్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎవరో పోయారని చెప్పడానికి వచ్చినవాడిలా ఉంది ముఖం.

"పెద్దమ్మా, మీ తాతగారి పేరే ముందుంది," అన్నాడు.

"ఆ మాట అంత దిగులుగా చెప్తారేం? చదవండి, మా కోడలు కూడా వింటుంది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "'ఓడ దిగిన తొమ్మిదో రోజు. ఆకలి చావులు తప్పించమని దేవుణ్ణి వేడుకుంటూ సంఘమంతా ఉపవాసం. మధ్యాహ్న ప్రార్థన వేళ జెరుబ్బాబెల్ ఫోబ్స్ కనపడలేదు. వెతకగా ఒడ్డున తడి ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాడు...'"

"విన్నావుటే తామ్సిన్! యాభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నానా లేదా?"

"'... రెండు చేతులా గుల్లలు తవ్వి, లోపలి మాంసం పచ్చిదే మింగుతూ.'"

సైలెన్స్ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తామ్సిన్ దగ్గొచ్చినట్టు కొంగులాంటి తన ఏప్రన్‌లో ముఖం దాచుకుంది.

"ఇంకా ఉందమ్మా..."

"చాలు. మూసేయండి."

"చోటు నాకొద్దని మీరొక్క మాటంటే గురువారం దీన్ని తెరిచే పనే ఉండదు," అని చెప్పి నాహుము వెళ్ళిపోయాడు.

పేరు పెట్టిన డెబ్బై ఒక్క ఏళ్ళకి సైలెన్స్ ఆ పేరు నిలబెట్టింది. ఆ రోజంతా ఒక్క మాట లేదు. మర్నాడు పొద్దున జావ మాడిపోయినా ఏమీ అనలేదు. తామ్సిన్‌కి భయం పుట్టింది.

"అత్తా, నీకు దణ్ణం పెడతాను, తిట్టైనా తిట్టు."

"నీ పిల్లలకి చెప్పానే ఆ మోకాళ్ళ కథ. ఊరందరికీ చెప్పాను. మీ మామగారు పోయే ముందు కూడా పక్కన కూర్చుని చెప్పాను."

"పాపం, ఆఖరున ఆయన 'ఇంక చాలు' అన్నది బతుకు గురించేనని అనుకున్నాం."

ఇంకో రోజైతే ఆ మాటకి కట్టెపేడు లేచేది. సైలెన్స్ పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. చోటు వద్దంటే తాత పరిశుద్ధుడిగా మిగులుతాడు, తను నాలుగో బెంచీలో మిగులుతుంది, పేషెన్స్ బతికినంతకాలం నవ్వుతుంది. కావాలంటే ఊరు ఊరంతా తాతని చూసి నవ్వుతుంది. చివరికి అంది.

"ఆకలేసుంటుందే ఆయనకి. ఇన్నేళ్ళూ మా తాతని పరిశుద్ధుడనే అనుకున్నాను. ఆకలేసిన మనిషని ఒక్కసారీ తట్టలేదు." కళ్ళు తుడుచుకుంది. "ఆయన తప్పు ఆయన రాయించుకున్నాడు. దాచిపెట్టి పరువు నేను మూటగట్టుకోనా? చదవనీ."

"నాలుగో బెంచీ చలిగాలి సంగతేం లేదా అత్తా అందులో?"

"కొంచెం ఉందిలే."

గురువారం మందిరం కిటకిటలాడింది. నాహుము చదవడం మొదలుపెట్టాడు. 'మోకాళ్ళ మీద' దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు సన్నబడింది, 'గుల్లలు' దగ్గర మరీ గుసగుసైపోయింది. అయినా వెనక బెంచీల్లో చెవిటివాళ్ళకి సైతం వినపడింది. నిద్రపోయేవాళ్ళని పొడిచి లేపే కర్ర పట్టుకు తిరిగే మనిషి, ఆ రోజు నవ్వేవాళ్ళని పొడవలేక చతికిలపడ్డాడు. సైలెన్స్ నాలుగో బెంచీలో మెడ నిటారుగా పెట్టుకుని కూర్చుంది, బుగ్గలు మాత్రం కుంకుమలా ఎర్రబడ్డాయి.

నాహుము పుస్తకం మూయబోయాడు. పేషెన్స్ లేచింది.

"ఆపారేమండీ? దేవుడి మందిరంలో సగం నిజం చదివితే పాపం కాదా? మిగతాది కూడా చదవండి, అందరూ వింటారు."

"వద్దులేమ్మా పేషెన్స్..."

"చదవండి!"

పాస్టరుగారు కూడా తలూపారు. నాహుము నిట్టూర్చి చదివాడు.

"'ఈ సంగతి మాకు చెప్పినవాడు అమోస్ టార్బెల్. నీకెలా తెలుసని అడగ్గా, తానూ అక్కడే ఉన్నానని, తన వంతు గుల్లలు ముందే అయిపోయాయని, ఫోబ్స్ ఇంక ఇవ్వనన్నాడని చెప్పాడు. ఇద్దరినీ సంఘం ముందు నిలబెట్టి పాపం ఒప్పించాం. ఇద్దరూ ఏడ్చారు. టార్బెల్‌కి వాంతి కూడా అయింది.'"

పేషెన్స్ కూర్చుంది.

కమిటీ ముగ్గురూ బయటికెళ్ళి మంచులో చాలాసేపు నిలబడ్డారు. ముందు ఒప్పుకున్న మాట మార్చడానికి లేదు. పుస్తకంలో మొదటి పేరు ఫోబ్స్‌ది, రెండోది టార్బెల్‌ది. పొట్టి బెంచీలో మొదటి చోటు సైలెన్స్‌కి, పక్కనే రెండోది పేషెన్స్‌కి రాసేశారు.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ మోచెయ్యి మోచెయ్యి రాసుకుంటూ కూర్చున్నారు.

"కాస్త జరుగు," అంది పేషెన్స్.

"ఎక్కడికి, గోడలోకా?"

"మీ తాత ఇంకో రెండు గుల్లలు పడేసి ఉంటే మాకీ అప్రతిష్ఠ ఉండేదే కాదు."

"పడేసి ఉంటే మీ తాత నోరెత్తేవాడు కాదు, పుస్తకంలో ఎవరి పేరూ ఎక్కేది కాదు. నువ్వూ నేనూ తలుపు దగ్గర వణుకుతుండేవాళ్ళం."

పేషెన్స్ ఆ మాట ఆలోచించింది. ప్రసంగం అయిపోయేదాకా ఆలోచించింది. కాళ్ళ దగ్గర పెట్టుకునే తన నిప్పుల పెట్టెని మెల్లిగా ఇద్దరి మధ్యకీ తోసింది. పదకొండేళ్ళు అలాగే కూర్చున్నారు, పదకొండేళ్ళూ పోట్లాడుకున్నారు.

చిత్రమంతా ఆ తర్వాత. ఉపవాసం నాడు తిన్నారంటే అందరికంటే ముందొచ్చినట్టేగా! మొదట లెవిట్ వాళ్ళు, తమ తాత కూడా ఓ గుల్ల రుచి చూశాడని మెల్లిగా అనడం మొదలుపెట్టారు. తర్వాత ఇంకొకళ్ళు. ఇవాళ మా ఊళ్ళో పదిహేడు కుటుంబాలవాళ్ళు తమ ముత్తాత ఆ పాపంలో ఉన్నాడని ఛాతీ విరుచుకుని చెప్పుకుంటారు. వాళ్ళందరూ నిజంగా తిని ఉంటే ఆ ఒడ్డున గుల్ల అనేది మిగిలేది కాదు, ప్రార్థనలో పాస్టరుగారు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

మీరు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పేటప్పుడు కలపకుండా, తియ్యకుండా చెప్పండి. తిన్నది ఇద్దరే, పదిహేడు మంది కాదు. మా ముత్తాత కూడా తినలేదు. ఆయన ఊరికే ఎవరైనా వస్తున్నారేమోనని కాపలా కాశాడంతే, అందుకే పేరు పుస్తకంలోకి ఎక్కలేదు. అది మాత్రం వదిలెయ్యకుండా చెప్పండి.