సుబ్బారాయుడి గది

"ఖాళీగానే ఉన్నావుగా, ఆ కురిడీల గది తుడిచెయ్యరాదూ" అన్నారు మా ఆయన. ఇన్నేళ్ళ కాపురంలో నా ఖాళీ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో నాకింకా తెలీలేదు. చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. తొంభై ఆరు తుఫానుకి పలివెలలో మా కొబ్బరితోట సగం పడిపోయాక, ఏరిన ముదురు కాయలన్నీ లోపలి నీళ్ళు ఇంకి కురిడీలయ్యేదాకా ఆ గదిలోనే పోసి ఉంచాం. ఎప్పుడూ ఎలకల చప్పుడే. ఆ రోజు చప్పుడు లేదు. కాయల గుట్ట వెనక బారెడు పొడుగున గోధుమరంగు పాము. తల ఎత్తి నన్ను చూసింది. పడగ లేదు. జెర్రిపోతు. దానికి విషం ఉండదని చిన్నప్పుడు మా నాన్న పొలంగట్టు మీద చూపించి చెప్పారు.

నిజం చెబితే పాలేరు సూరిబాబు కర్ర తెచ్చి చిటికెలో పని పూర్తిచేస్తాడు. మా వాళ్ళ సంగతి నాకు తెలుసు. విషమున్న తాచుని సుబ్బారాయుడని దణ్ణం పెట్టి పాలు పోస్తారు, ఏమీ చెయ్యలేని జెర్రిపోతుని బాదేస్తారు. "లోపల సుబ్బారాయుడున్నాడండీ" అన్నాను బయటికొచ్చి. ఆ మాట నోటికెలా వచ్చిందో తెలీదు. అందరూ వెనక్కి జరిగారు. రోజూ మధ్యాహ్నం నేనే గడపకి పసుపు రాసి, లోపల కూర్చుని స్తోత్రం చదువుకుంటే శాంతిస్తాడని కూడా అన్నాను. భక్తి అంటే మా ఆయన అడ్డు చెప్పరు.

అలా నాకో గది దొరికింది. తలుపు వేసుకుంటే ఎవరూ తట్టరు. స్తోత్రమూ లేదు, పాడూ లేదు. గోడకి జారబడి కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. దాని మూలన అది, నా మూలన నేను. కానీ మా అత్తగారు భవానీదేవి గారు మనవల క్షేమం కోసమని మంగళవారాలు ఉపవాసం మొదలెట్టారు. డెబ్భై దాటిన మనిషి. నా అబద్ధానికి ఆవిడ కడుపు మాడ్చుకుంటుంటే నేను లోపల కాళ్ళు చాపుకుంటున్నాను. సిగ్గేసేది. రేపు చెప్పేద్దాం అనుకునేదాన్ని. చెబితే పామూ పోతుంది, గదీ పోతుంది. మధ్యాహ్నమయ్యేసరికి నా కాళ్ళు పెరటివైపే నడిచేవి.

ఓ మంగళవారం పెందలాడే బయటికొచ్చి వంటింటి కిటికీలోంచి చూశాను. అత్తగారు ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో పాలగిన్నె దింపబోతున్నారు. వీధరుగు మీద మా ఆయన స్నేహితులతో పేకాడుతున్నారు. నేను తలుపేసుకున్న ఆ కాసేపూ పిలుపులన్నీ ఎవరికి పోతున్నాయో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు.

పరుగున వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అత్తయ్యగారూ, నేను పాపం చేసేను. అది సుబ్బారాయుడు కాదండీ, జెర్రిపోతు."

"తెలుసే రమణీ" అన్నారావిడ పీట మీద కూలబడుతూ. "ఆ రోజే తలుపు సందులోంచి చూసేను. పడగ లేని తాచేవిటే?"

"మరి ఉపవాసాలెందుకండీ?"

"ఉపవాసం మనిషిని పొయ్యి దగ్గరికి పిలవరనుకున్నాను. నీకో గది దొరికింది, నాకో రోజు దొరక్కపోతుందా అనుకున్నాను. నేను పడుకుంటే మావాడు నిన్ను పిలుస్తాడు, నువ్వటెళ్తే నన్ను పిలుస్తాడు. వాడికేం తెలుస్తుంది, కాఫీ వేళకొచ్చేస్తోంది కదా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో పాపమంతా మా ఇద్దరి పిడికిళ్ళలోనే ఉంది. నేను కాజేసిన మధ్యాహ్నాలు ఆవిడవి, ఆవిడ కాజేసిన మంగళవారాలు నావి. ఆయనది ఒక్క నిమిషం కూడా పోలేదు.

"ఎవరున్నారక్కడ? ఎవరో ఒకరు నాలుగు కాఫీలు పట్రండి" అని వీధిలోంచి కేక.

అత్తగారు లేవబోయారు. నేనే లేవదీసి, భుజం చుట్టూ చెయ్యి వేసి పెరట్లోకి నడిపించాను. కురిడీల గదిలో నేను కూర్చునే చోట చాప పరిచి ఆవిడని కూర్చోబెట్టాను. లోపల్నించి తలుపు వెయ్యబోతూ ఆయనకి వినపడేలా జవాబు చెప్పాను.

"ఎవరూ లేరండీ. పాలు పొయ్యి మీదున్నాయి, మీరే కలుపుకోండి."