ఎర్రగీతలు లేని లీదియా

మార్కాపురం బజారులో బాలసుబ్రహ్మణ్యం బట్టల దుకాణానికి కోడలు పార్వతి తెచ్చిన కొత్త సంగతి ఒక కెమెరా. దాన్ని గుమ్మం పక్కన బిగించింది. పనివాళ్ళు బయటికి పోయినా, లోపలికి వచ్చినా దానికి మొహం చూపించాలి. ఎవరు ఎంతసేపు కౌంటర్ వదిలి వెళ్ళారో పార్వతి ఫోన్‌లో ఎర్రగీతలుగా పడుతుంది. కనిగిరి పిల్ల, హైదరాబాదులో ఎంబీఏ చదివింది. వంటింట్లో పోపులు వేస్తూ కూర్చోలేక మామగారిని బతిమాలి సంపాదించుకున్న పని ఇది. చదువుకున్నవాళ్ళకు ఏదో ఒకటి కొలవకపోతే పొద్దుపోదు కదా.

మామగారికి కెమెరా తెగ నచ్చింది. "గీతలు ఎక్కువుండే వాళ్ళని పెళ్ళిళ్ళ సీజన్ అయిపోతానే పనిలోంచి ఆపేద్దాం లేమ్మా" అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా చీరల కౌంటర్ దాకా పాకింది.

అక్కడ అందరికంటే ఎక్కువ హడలిపోయింది లీదియా. తర్లుపాడు నుంచి ఆటోలో వచ్చే పిల్ల. నాయన యాకోబుకు కూలికి పోయే ఓపిక ఎప్పుడో పోయింది. ఇల్లు ఈ పిల్ల జీతం మీదే నడుస్తోంది. మొదట్లో ఆడవాళ్ళందరికీ పడ్డట్టే లీదియాకూ రోజూ గీతలు పడ్డాయి. ఎండలు ముదిరేసరికి ఒక్కటీ లేకుండా పోయాయి. పొద్దున వచ్చిందంటే దుకాణం కట్టేసేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలడం లేదు.

పార్వతి మురిసిపోయింది. ఒకరోజు బేరాలు మొదలుకాకముందే పనివాళ్ళందరినీ పిలిచి, లీదియాను ముందు నిలబెట్టింది.

"ఈ పిల్లను చూసి నేర్చుకోండి. బయట తిరగడం ఎట్ల మానుకున్నావో నువ్వే చెప్పు లీదియా."

"ఏం లేదక్కా" అంది లీదియా తల ఎత్తకుండా.

"సిగ్గెందుకు? చెప్పు, పర్వాలేదు."

చీరలు మడతపెట్టే సుశీలమ్మ వయసులో పెద్దది. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏం చెప్తాదమ్మా ఆ పిల్ల? ఇంత ఎండల్లో గుక్కెడు నీళ్ళు తాగదు. తాగితే ఒంటికి పోవాల గదా! మగోళ్ళకు పక్క సందుంది. మాకు యాడుంది? బస్టాండు దాకా పోయి రావాల, పోతే నీ ఫోన్ ఎర్రగయితాది. అందుకని సాయంత్రం ఇంటికి పోయేదాకా బిగబట్టుకోని కూచుంటాది. ఇప్పుడు ఒంటికి పోతే మంట అని ఏడుస్తా ఉండాది."

మగవాళ్ళు గభాల్న చీరల బీరువాల వైపు తిరిగారు. నలుగురిలో తన ఒంటి సంగతి బయటపడ్డందుకు లీదియా చున్నీతో మొహం కప్పుకుంది. పార్వతికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఎర్రగీతలన్నీ ఆడవాళ్ళవే అని ఫోన్‌లో కనిపిస్తూనే ఉంది. ఎక్కడికి పోతున్నారని ఒక్కనాడూ అడగలేదు. దుకాణం మీదే ఇల్లు కాబట్టి తనకు అవసరమైతే మేడమెట్లు ఎక్కి వెళ్ళివచ్చేది. ఆ మెట్ల దగ్గర కెమెరా లేదు.

"పైకి రా" అని లీదియా చేయి పట్టుకుంది.

"వద్దక్కా, పైన మీ అత్తమ్మ ఉంటాది."

"నేనున్నా గదా, రా."

మెట్లెక్కుతున్నంతసేపూ ఆ మాట మీద పార్వతికి నమ్మకం ఉంది. ఇకనుంచి ఆడపిల్లలందరూ మన బాత్‌రూమే వాడుకుంటారని అత్తగారికి గట్టిగా చెప్పెయ్యాలనుకుంది.

అత్తగారు తులసమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కళ్ళజోడు సర్దుకుని లీదియాను ఎగాదిగా చూసింది.

"ఎవురమ్మాయ్ ఇది? పైకెందుకొచ్చింది?"

"బాత్‌రూమ్ కడగడానికి నేనే పిలిచినాను అత్తా" అంది పార్వతి.

ఎందుకలా అన్నదో ఆమెకే తెలియదు. తెలియకపోవడమేం, బాగా తెలుసు. కడగడానికైతే ఆ పిల్లను ఆ గుమ్మం దాటనిస్తారు. లీదియా మెల్లగా చేయి విడిపించుకుంది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ వేసుకుంది.

కాసేపటికి నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. బ్రష్‌తో గచ్చు రుద్దుతున్న చప్పుడు మొదలైంది. పార్వతి ఆడిన అబద్ధాన్ని ఆ పిల్ల నిజం చేస్తోంది. మంటతో కూర్చోలేని మనిషి వంగి నేల తోముతోంది. తలుపు తట్టి, వద్దు, వచ్చెయ్యి అనాలని పార్వతికి గొంతుదాకా వచ్చింది. అత్తగారు ఎదురుగా ఉంది. అక్కడే గోడకానుకుని నిలబడిపోయింది.

"పనిమంతురాలే, బాగా రుద్దుతాంది" అంది తులసమ్మ. "దినమ్మూ వచ్చి కడిగిపొమ్మని చెప్పు."

అలాగైతే రోజూ ఒకసారి లీదియా ఇక్కడికి రావచ్చు, బస్టాండుకు పోనక్కర్లేదు, గీతా పడదు అని పార్వతికి తోచింది. అలా తోచినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

అయినా, "సరే అత్తా" అంది.